టీవీ డిష్‌లను వదిలేసి అరబ్ దేశాల కథ చెప్పకండి

సంపాదకుల వారికి,

నమస్కారం. అరబ్ దేశాల్లో 2011లో లేచిన తిరుగుబాట్ల గురించి ఈమధ్య మీ ఆదివారం సంచికలో ఒక వ్యాసం వేశారు. శ్రద్ధగా రాశారు, కాదనను. కానీ అందులో అడుగడుగునా ఫేస్‌బుక్, ట్విట్టర్ పేర్లే ఉన్నాయి, టీవీ గురించి ఒక్క ముక్క లేదు. చదివినవాళ్లకు సెల్‌ఫోన్లు పట్టుకున్న కుర్రాళ్లే ముప్పై ఏళ్ల పాలకులను దించేశారని అనిపిస్తుంది. నేను తొంభైల మొదట్లో కువైట్ వెళ్లి 2014లో తిరిగొచ్చాను. అక్కడ ఒకే ఇంట్లో హౌస్ డ్రైవర్‌గా చేశాను. ఆ ఇంటి హాల్లోనూ, మాలాంటి పనివాళ్ల గదుల్లోనూ టీవీ ఏం చేసిందో దగ్గరుండి చూసినవాణ్ణి. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది. చోటు చాలకపోతే కుదించుకోండి గాని, బహ్రెయిన్ సంగతి మాత్రం తీసేయకండి.

మాది మలికిపురం మండలం. రాజోలు, సఖినేటిపల్లి, మామిడికుదురు, గోదావరి అవతల నరసాపురం, పాలకొల్లు, ఏ ఊరికి వెళ్లినా వీధికి ఇద్దరు ముగ్గురు కువైట్‌లోనో మస్కట్‌లోనో దోహాలోనో ఉంటారు. మా ఇంట్లో ముందు వెళ్లింది మా అక్క. 1990 ఆగస్టు 2న ఇరాక్ పాలకుడు సద్దాం సైన్యం కువైట్‌లోకి దూసుకొచ్చినప్పుడు అక్క అక్కడే ఉంది. మాకు రేడియో వార్తలే ఆధారం. రాత్రి దూరదర్శన్ వార్తలు చూడాలంటే ఊళ్లో టీవీ ఉన్నవాళ్ల అరుగెక్కాలి. అక్క బాగ్దాద్ మీదుగా జోర్డాన్‌లోని అమ్మాన్ చేరి, ఎయిరిండియా విమానంలో బొంబాయి దిగి, అక్కడి నుంచి ఎవరిచేతో ఫోన్ చేయించేదాకా మనిషి ఉందో లేదో మాకు తెలీదు. అలా లక్ష మందికి పైగా మనవాళ్లను అమ్మాన్ నుంచి విమానాల్లో తెచ్చారు.

నేను కువైట్ వెళ్లాక ఒక సంగతి తెలిసింది. ఆ దండయాత్ర జరిగిన మొదటి రెండు మూడు రోజులు పక్కనే ఉన్న సౌదీలో పత్రికలు గాని, టీవీ గాని ఆ మాటే ఎత్తలేదు. మా నాన్న మలికిపురంలో రేడియో దగ్గర కూర్చుని విన్న వార్త రియాద్‌లో ఉన్నవాడికి వాళ్ల సొంత టీవీలో కనిపించలేదు. దీన్ని మనసులో పెట్టుకోకపోతే ఆ తర్వాత జరిగిందేదీ అర్థం కాదు. అప్పట్లో అక్కడి ప్రభుత్వ టీవీల్లో వార్తలంటే ఏముండేవని? పాలకుడు ఫలానా అతిథిని విమానాశ్రయంలో ఆహ్వానించారు, ఫలానా రాయబారిని కలిశారు, ఫలానా రాజు నుంచి శుభాకాంక్షల తంతి అందుకున్నారు. వరసగా కరచాలనాలు, కుర్చీలు, వెనక సంగీతం. ఊళ్లో నీళ్లు రాకపోయినా, పోలీసు స్టేషన్‌లో మనిషి చచ్చిపోయినా ఆ పెట్టెలోకి వచ్చేది కాదు.

1991 యుద్ధమప్పుడు డబ్బున్నవాళ్లు అమెరికా చానల్ సీఎన్ఎన్ చూశారు. డిష్‌ల మీద మోజు అక్కడ మొదలైంది. ఆ ఏడాదే సౌదీవాళ్ల డబ్బుతో లండన్ నుంచి ఎంబీసీ అనే అరబిక్ చానల్ వచ్చింది. 1994లో బీబీసీ వాళ్లు ఒక సౌదీ కంపెనీతో కలిసి అరబిక్ టీవీ పెట్టారు. సౌదీ గురించి ఒక కార్యక్రమం వేసేసరికి ఆ కంపెనీకి కోపం వచ్చి 1996లో అది మూతపడింది. దాంట్లో పనిచేసిన వాళ్లు చాలామంది వీధిన పడ్డారు. అదే సమయానికి ఖతార్ అమీర్ షేక్ హమద్ డబ్బిచ్చి దోహాలో అల్ జజీరా మొదలుపెట్టించాడు. వాళ్లలో ఎక్కువమంది అందులో చేరారు. 1996 నవంబర్ 1న అది ప్రసారం మొదలుపెట్టింది. పెట్టుబడి ఒక రాజుది, పని నేర్పింది బీబీసీ, చూసేది ఇరవై దేశాల జనం. ఆ చానల్‌కున్న బలం, లోపం రెండూ ఈ పుట్టుకలోనే ఉన్నాయని నేను నమ్ముతాను.

మా యజమానిని బాబా అని పిలిచేవాళ్లం. ఆయనకు ఇంటికి ఆనుకుని దివానియా ఉండేది. మగవాళ్లు కూర్చుని మాట్లాడుకునే పెద్ద హాలు, గోడల చుట్టూ మెత్తలు. రాత్రి నమాజు అయ్యాక చుట్టాలు, స్నేహితులు, ఒక్కోసారి పార్లమెంటు సభ్యులు కూడా వచ్చేవారు. బండి పని లేని రాత్రుల్లో నేనే ఇస్తికానా అనే చిన్న గాజు గ్లాసుల్లో టీ పోసి అందరికీ తిప్పేవాణ్ణి. అరబిక్ నేను నేర్చుకుంది ఆ టీ తిప్పుతూనే, ఆ టీవీ వింటూనే.

మంగళవారం వస్తే హాలు నిండిపోయేది. ఫైసల్ అల్ ఖాసిం అనే సిరియా ఆయన అల్ జజీరాలో ఒక చర్చ నడిపేవాడు. ఎదురెదురుగా ఇద్దరిని కూర్చోబెట్టేవాడు. ఇజ్రాయెల్‌తో రాజీ పడాలా వద్దా, ఇరాక్ మీద ఆంక్షలు న్యాయమా కాదా, ఆడవాళ్ల హక్కులు, పాలకుల అవినీతి, ఏదీ వదిలేవాడు కాదు. వాళ్లు అరుచుకునేవాళ్లు, వేళ్లు చూపించుకునేవాళ్లు. ఒక్కోసారి ఒకాయన మైకు పీకేసి లేచి వెళ్లిపోయేవాడు. మధ్యలో ఏ దేశం నుంచైనా ఫోన్లు వచ్చేవి. మన దగ్గర చానల్ చర్చలు చూసి విసిగిపోయినవాళ్లకు ఇందులో గొప్పేముంది అనిపించొచ్చు. కానీ పుట్టి బుద్ధెరిగాక పాలకుడి పేరు పక్కన ప్రశ్న వేయడం చూడని మనుషులు వాళ్లు. ఆ చర్చ నడుస్తుంటే నా చేతిలో టీ చల్లారిపోయినా గ్లాసు కోసం చెయ్యి చాపేవాళ్లు కాదు.

1999లో అదే చానల్‌లో ఒక లైవ్ కార్యక్రమానికి ఫోన్ చేసిన ఇరాకీ ఒకాయన కువైట్ అమీర్‌నే తిట్టాడు. దాంతో కువైట్‌లో వాళ్ల ఆఫీసు మూయించారు. ఆ గొడవ రోజుల్లో మా దివానియాకు వచ్చే ముసలాయన, స్కూల్ మాస్టారుగా చేసి రిటైరైనాయన, రిమోట్ అందుకుని సౌండ్ బాగా తగ్గించేశాడు. టీవీ మాత్రం కట్టేయలేదు. అందరూ ముందుకు జరిగి కూర్చున్నారు. ఆ మాస్టారే ఇంకో రోజు పాత కథ ఒకటి చెప్పాడు. ఆయన చిన్నప్పుడు కైరో నుంచి 'అరబ్బుల గొంతు' అనే రేడియో వచ్చేదట. 1953లో మొదలైంది, ఈజిప్టు నాయకుడు నాసర్ ప్రసంగాల కోసం అరబ్బు లోకమంతా దాన్ని వినేది. 1967 జూన్‌లో ఇజ్రాయెల్‌తో యుద్ధంలో ఓడిపోతున్నా గెలుస్తున్నాం గెలుస్తున్నాం అని ఆ రేడియో చెబుతూనే ఉంది. నిజం తెలిశాక జనం దాన్ని మళ్లీ నమ్మలేదు. "మాకు అప్పటి నుంచి నమ్మదగిన గొంతు లేదు" అన్నాడాయన. అల్ జజీరాను వాళ్లు ఎందుకంత ఆత్రంగా చూసేవారో నాకు అప్పుడు తెలిసింది.

ముబారక్ ఈజిప్టు అధ్యక్షుడిగా ఉండగా దోహా వెళ్లినప్పుడు ఆ చానల్ ఆఫీసు చూసి, ఇంత గొడవంతా ఈ అగ్గిపెట్టెలోంచేనా అన్నాడని అక్కడ అందరూ చెప్పుకునేవారు. ఆయన మాటలో అబద్ధం లేదు. ఆ ఆఫీసు అప్పుడు అంత చిన్నదే.

ఆడవాళ్ల సంగతి కూడా చెప్పాలి. బాబా భార్యను మామా అనేవాళ్లం. కువైట్‌లో ఆడవాళ్లకు ఓటు 2005 మే 16న వచ్చింది. పార్లమెంటులో 35 మంది ఔనన్నారు, 23 మంది కాదన్నారు. ఆ రోజు లోపల ఆడవాళ్ల గదిలో టీవీ ముందు మామా, ఆమె చెల్లెళ్లు, వంటపని చేసే మన రాజోలు అమ్మాయి, అందరూ కలిసి కూర్చున్నారు. బయట కారు తుడుస్తున్న నాకు ఒక్కసారిగా కేకలు వినపడితే ఎవరికో ఏదో అయిందని పరుగెత్తాను. మరుసటి ఏడాది జూన్‌లో ఓటు వేయడానికి ఆమెను నేనే స్కూలు దాకా తీసుకెళ్లాను. ఓటు హక్కు టీవీ ఇచ్చిందని నేను అనను. దాని కోసం ఎన్నో ఏళ్ల నుంచి అక్కడి ఆడవాళ్లు కొట్లాడుతున్నారు. కానీ ఆ కొట్లాట మామాలాంటి గడప దాటని ఆవిడకు చేరింది టీవీలోనే. 2009లో నలుగురు ఆడవాళ్లు గెలిచి పార్లమెంటుకు వెళితే వాళ్ల పేర్లు ఆమె నాకు కారులో అప్పజెప్పింది.

ఇక మీ వ్యాసంలో ఉన్న 2011 సంగతికి వస్తాను. ట్యునీషియాలో సీదీ బూజీద్ అనే చిన్న ఊళ్లో పళ్ల బండి పెట్టుకుని బతికే మహమ్మద్ బూఅజీజీ 2010 డిసెంబర్ 17న ఒంటికి నిప్పు పెట్టుకున్నాడు. అక్కడి ప్రభుత్వ టీవీకి అది వార్తే కాదు. అల్ జజీరాకు ఆ దేశంలో ఆఫీసు పెట్టుకోనివ్వలేదు. ఊళ్లో కుర్రాళ్లు ఫోన్లలో తీసిన వీడియోలు ఇంటర్నెట్‌లో పెడితే, అవి ఏరి ఆ చానల్ రాత్రింబవళ్లు చూపించింది. అప్పుడు గాని పక్క ఊరివాడికి తన ఊళ్లో జరిగేదే అక్కడా జరుగుతోందని తెలియలేదు. జనవరి 14న ఆ దేశ అధ్యక్షుడు బెన్ అలీ విమానమెక్కి సౌదీ పారిపోయాడు. తీసింది ఫోను, ఊరూరా చూపించింది టీవీ. మీ వ్యాసం మొదటి సగం చెప్పి రెండో సగం వదిలేసింది.

ఈజిప్టు సంగతి నాకు ఇంకా దగ్గరగా తెలుసు. మా ఇంటి వెనక సందులో ఆరంతస్తుల బిల్డింగుకు ఒక ఈజిప్టు ఆయన హారిస్, అంటే కాపలాదారు. సోహాగ్ నుంచి వచ్చినవాడు. మెట్ల కింద చిన్న గది, ఒక మంచం, ఒక టీ కెటిల్, ఒక పాత టీవీ. నన్ను "యా సదీఖ్", అంటే ఓ స్నేహితుడా, అని పిలిచేవాడు. ఆయనకు చదువు రాదు. ఫేస్‌బుక్ అనే మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. అప్పటి ఈజిప్టులో 8 కోట్లకు పైగా జనం ఉంటే ఫేస్‌బుక్ ఉన్నవాళ్లు కొద్దిమందే. పెద్దవాళ్లలో దాదాపు నలుగురికి ఒకరికి చదవడమే రాదు. వాళ్లంతా ఈ హారిస్‌లాంటి వాళ్లే.

జనవరి 25న గొడవ మొదలైంది. 27 రాత్రి ప్రభుత్వం ఇంటర్నెట్ కట్టేసింది. 28 శుక్రవారం సెల్‌ఫోన్లు కూడా పనిచేయలేదు. ఆయన అన్న కొడుకు కైరోలో చదువుకుంటున్నాడు. ఎన్నిసార్లు చేసినా ఫోన్ మోగదు. ఆ సాయంత్రం నేను వెళ్లేసరికి ఆయన టీవీకి మూరెడు దూరంలో నేల మీద కూర్చుని ఉన్నాడు. రిమోట్ నొక్కుతూ రెండు చానళ్ల మధ్య తిరుగుతున్నాడు. వాళ్ల ప్రభుత్వ టీవీలో నైలు నది మీద వంతెన, అటూ ఇటూ ప్రశాంతంగా పోతున్న కార్లు. అల్ జజీరాలో చూస్తే కసర్ అల్ నీల్ వంతెన మీద జనం, పోలీసులు, నీళ్ల ట్యాంకర్లు, పొగ. కెమెరా జనం దగ్గరికి వెళ్లినప్పుడల్లా ఆయన ముఖం ముందుకు పెట్టి ఒక్కొక్క కుర్రాణ్ణీ వెతుకుతున్నాడు. చారల స్వెట్టర్ వేసుకున్నవాడు కనబడితే చాలు, వేలు తెర మీద పెట్టి "వీడేనా, వీడేనా" అని నన్నడిగాడు. ఆ పిల్లాణ్ణి నేనెప్పుడూ చూడలేదు. అయినా నేనూ వెతికాను. అక్క గురించి తెలియక 1990లో మా నాన్న ఎంత టెన్షన్ పడ్డాడో నాకు గుర్తుంది కాబట్టి వెతక్కుండా ఉండలేకపోయాను.

30న కైరోలో అల్ జజీరా ఆఫీసు మూసేశారు. నైల్‌శాట్ ఉపగ్రహం మీద ఆ చానల్ రాకుండా చేశారు. ఉన్నట్టుండి తెర నల్లబడింది. ఇంకో ఉపగ్రహం మీద ఫలానా చోట వస్తుందని నోటిమాటగా తెలిసింది. మరికొన్ని అరబ్ చానళ్లు తమ కార్యక్రమాలు ఆపుకుని దాని ప్రసారాన్నే తమ చోటులో ఇచ్చాయి. ఆయన మేడెక్కి డిష్ తిప్పాడు. నేను కింద గదిలో ఫోన్ చెవికి పెట్టుకుని, కొంచెం ఇటు, ఇంకొంచెం, వచ్చింది వచ్చింది, ఆగు అని అరిచాను. ఇంటర్నెట్ కట్టేసినా, ఫోన్లు ఆపేసినా, ఆఫీసుకు తాళం వేసినా ఒక పాత డిష్ రెండు వేళ్ల మందం తిప్పితే కైరో మళ్లీ కనబడింది. ఫిబ్రవరి 2 దాకా ఆ దేశానికి ఇంటర్నెట్ లేదు. ఆ నెట్ లేని రోజుల్లో కూడా జనం పెద్ద ఎత్తున వీధిలోకి వచ్చారు. మీ వ్యాసకర్త దీనికి ఏం జవాబు చెబుతారో తెలుసుకోవాలని ఉంది.

టీవీ ఒక్క తిరుగుబాటు వైపే పనిచేసిందని కూడా అనుకోకూడదు. ఫిబ్రవరి 1 రాత్రి ముబారక్ టీవీలో మాట్లాడాడు. మళ్లీ పోటీ చేయను, ఈ నేల మీదే చస్తాను అన్నాడు. మా హారిస్ కళ్లు తుడుచుకున్నాడు. "పెద్దవాడు, పోనీయండి, కొన్ని నెలలే కదా" అన్నాడు. ఆ రాత్రి చాలామంది ఈజిప్టు వాళ్లు అలాగే మెత్తబడ్డారు. మర్నాడు గుర్రాల మీద, ఒంటెల మీద మనుషులు వచ్చి కైరోలోని తహ్రీర్ స్క్వేర్‌లో ఉన్నవాళ్లను కొట్టడం లైవ్‌లో చూశాడు. పోనీయండి అన్న నోరే ముబారక్‌ను తిట్టడం మొదలుపెట్టింది. ఒక్క రోజులో రెండుసార్లు ఆయన మనసు మారింది, రెండుసార్లూ టీవీ ముందే.

ఇంకొకటి. ఫేస్‌బుక్ పేజీ నడిపి ఈ ఉద్యమానికి పిలుపిచ్చిన వారిలో వాయిల్ గోనిం ముఖ్యుడు. గూగుల్‌లో పనిచేసేవాడు. అతన్ని పట్టుకెళ్లి ఫిబ్రవరి 7న వదిలారు. ఆ రాత్రే ఈజిప్టులోని ప్రైవేటు చానల్ డ్రీమ్ టీవీలో మోనా అల్ షాజ్లీ అతనితో మాట్లాడింది. చనిపోయిన పిల్లల ఫొటోలు చూపించేసరికి అతను ఏడ్చి లేచి వెళ్లిపోయాడు. మర్నాడు తహ్రీర్‌కు అంతకుముందెప్పుడూ రానివాళ్లు వచ్చారు. ఫేస్‌బుక్ మనిషే, కానీ మా హారిస్‌కు అతనెవరో తెలిసింది డ్రీమ్ టీవీలో ఏడ్చినప్పుడు. ఫిబ్రవరి 11న ఉపాధ్యక్షుడు ఒమర్ సులేమాన్ టీవీలోకి వచ్చి నిమిషం కూడా పట్టని ప్రకటన చదివాడు, ముబారక్ దిగిపోయాడని. హారిస్ గదికి వెళితే అప్పటికే మెట్ల మీద బస్బూసా అనే తీపి పళ్లెం పెట్టుకుని వచ్చేపోయే ప్రతివాడి నోట్లో పెడుతున్నాడు. అన్న కొడుకు క్షేమంగానే ఉన్నాడని ఫోన్లు తిరిగొచ్చాకే తెలిసింది.

నెట్ కట్టేయడం అంటే ఏమిటో మన కోనసీమకు కూడా తెలుసు. 2022 మే 24న అమలాపురంలో గొడవలు జరిగాక రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. వర్క్ ఫ్రమ్ హోమ్ చేసుకునే పిల్లలు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని చించినాడ వంతెన దాటి పాలకొల్లు వైపు వెళ్లారు. మిగతా ఊరంతా టీవీల ముందు కూర్చుంది. ఒక చానల్‌లో ఒక కథ, ఇంకో చానల్‌లో ఇంకో కథ. అమలాపురం మాకు ఎంతో దూరం కాదు, అయినా అక్కడ ఏం జరిగిందో ఏ చానల్ పెట్టుకుంటే ఆ చానల్ చెప్పినట్టే మా వీధిలో వాదించుకున్నారు. రెండు ఊళ్ల గొడవలూ ఒకటని నేను అనడం లేదు. ఫోన్ మూగబోయిన రోజున చానల్ యజమాని చేతికి ఎంత బలం వస్తుందో చెబుతున్నాను.

ఇక్కడే బహ్రెయిన్ సంగతి చెప్పాలి.

ఈజిప్టులో ముబారక్ దిగిన మూడో రోజున, ఫిబ్రవరి 14న, బహ్రెయిన్‌లో జనం రోడ్డెక్కారు. రాజధాని మనామాలో పెర్ల్ రౌండెబౌట్ అనే కూడలి దగ్గర గుడారాలు వేశారు. మా మేనల్లుడు అప్పుడు మనామాలో ఏసీ మెకానిక్. రోజూ ఫోన్ చేసేవాడు. "మావయ్యా, ఇక్కడ కూడా ఈజిప్టు లాగే జనం, షాపులు మూసేశారు, గదిలోనే ఉంటున్నాం" అనేవాడు. మార్చి 14న సౌదీ, ఎమిరేట్స్ బలగాలు సముద్రం మీది వంతెన దాటి బహ్రెయిన్‌లోకి వచ్చాయి. 18న ఆ కూడలిలో ఉన్న ముత్యం స్తంభాన్నే కూల్చేశారు. మేం దివానియాలో అల్ జజీరా అరబిక్ చానలే పెట్టుకుని చూస్తున్నాం. లిబియా వస్తుంది, యెమెన్ వస్తుంది, సిరియా వస్తుంది. తహ్రీర్‌లో పద్దెనిమిది రోజులు రెప్ప వేయని ఆ కెమెరా బహ్రెయిన్ దగ్గర కళ్లు మూసుకున్నట్టే చేసింది. వార్త వచ్చినా ఏదో మూలన, కొద్దిసేపు. మేనల్లుడు ఫోన్‌లో చెప్పేదానికీ తెర మీద కనబడేదానికీ పొంతన లేదు. ఈ తేడా నేనొక్కణ్ణే కనిపెట్టలేదు. అరబ్బు లోకంలో చాలామంది అప్పుడే అడిగారు. ఆ చానల్ బీరూట్ ఆఫీసు పెద్ద గస్సాన్ బిన్ జిద్దో తమ చానల్ తీరు నచ్చక ఆ ఏప్రిల్‌లోనే రాజీనామా చేశాడు.

కారణం వెతకడానికి దూరం వెళ్లక్కర్లేదు. బహ్రెయిన్ ఖతార్‌కు పక్కిల్లు. అక్కడ రాజు పడితే ఆ గాలి దోహాకూ తగులుతుంది. మన డెల్టాలో పుట్టినవాడికి ఇది చెప్పాల్సిన పని లేదు: నీళ్లు గోదావరివే అయినా ఏ కాలవకు ఎంత వదలాలో లాకు తాళం ఎవరి దగ్గరుందో వాళ్లే చూసుకుంటారు. ఖతార్ కవి మహమ్మద్ అల్ అజమీ సంగతి చూడండి. ట్యునీషియా తిరుగుబాటును మెచ్చుకుంటూ, గల్ఫ్ పాలకులను విమర్శిస్తూ కవిత చదివాడని అతన్ని 2011 నవంబర్‌లో అరెస్టు చేశారు. 2012లో యావజ్జీవ శిక్ష వేశారు. తర్వాత తగ్గించారు, 2016లో వదిలేశారు. ట్యునీషియా వీధుల్ని రాత్రింబవళ్లు ప్రపంచానికి చూపించిన దేశంలోనే, ఆ వీధులను పొగిడినవాడు జైల్లో ఉన్నాడు. ఇది చదివినప్పుడు నాకు చాలా బాధేసింది. ఆ చానల్ మీద నాకు ప్రేమ ఉంది. నాకు ఒక భాష నేర్పింది, ఒక లోకాన్ని చూపించింది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఆ తర్వాత కథ తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే అది అందరికీ తెలిసిన దిగజారుడే. 2013 జూలై 3న ఈజిప్టులో సైన్యం ఎన్నికైన అధ్యక్షుడు మోర్సీని తీసేసింది. ఆ రాత్రే ఆయన వైపు చానళ్ల తెరలు నల్లబడ్డాయి. కొద్ది రోజులకు అల్ జజీరా మోర్సీ వైపే మాట్లాడుతోందని ఈజిప్టులో దాని ఉద్యోగులు 22 మంది రాజీనామా చేశారు. డిసెంబర్‌లో అదే చానల్ విలేకరులు ముగ్గుర్ని అరెస్టు చేశారు. ఇద్దరు నాలుగు వందల రోజులకు పైగా జైల్లో ఉన్నారు. మా హారిస్ ఆ ఏడాది సెలవుకు సోహాగ్ వెళ్లి మధ్యలోనే వచ్చేశాడు. ఆయన అల్ జజీరా పెడితే వాళ్ల అన్న లేచి కైరో చానల్ పెట్టేవాడట. రెండేళ్ల కిందట కొడుకు కోసం కలిసి ఏడ్చిన అన్నదమ్ములు ఒకరి చేతి భోజనం ఒకరు తినడం మానేశారు. నన్నడిగితే టీవీ అరబ్బులకు చేసిన మేలంత పెద్ద కీడు కూడా ఇదే. ప్రశ్న అడగడం నేర్పింది, ఆ తర్వాత ఒక్కొక్కరికీ ఒక్కో జవాబు అమ్మింది.

దాని బలం ఎంతటిదో చెప్పడానికి ఒక్క మాట చాలు. 2017 జూన్ 5న సౌదీ, ఎమిరేట్స్, బహ్రెయిన్, ఈజిప్టు కలిసి ఖతార్‌కు నేల, నీరు, ఆకాశం మూసేశాయి. పెట్టిన 13 షరతుల్లో అల్ జజీరాను మూసేయాలన్నది ఒకటి. నాలుగు దేశాలు అయిదో దేశానికి దారులు మూసి అడిగిన వాటిలో ఒక టీవీ చానల్ కూడా ఉంది. దోహాలో ఉన్న మా ఊరి కుర్రాళ్లు షాపుల్లో పాలు ఖాళీ అయిపోయాయని ఫోన్లు చేశారు. ఖతార్ ఆ చానల్‌ను మూయలేదు. 2021 జనవరిలో దారులు తెరుచుకున్నాయి.

ఇదంతా పాత కథ, మాకెందుకు అంటారేమో. 2024 మే 10న కువైట్ అమీర్ పార్లమెంటును రద్దు చేసి, రాజ్యాంగంలో కొన్ని భాగాలను నాలుగేళ్ల దాకా పక్కన పెట్టారు. ఆ మాట టీవీలోనే చెప్పారు. మామా ఓటు వేసిన పార్లమెంటు అది. మర్నాడు మన పత్రికల్లో వెతికితే ఎక్కడో నాలుగు లైన్లు. నెల తిరిగేసరికి, జూన్ 12న, కువైట్‌లోని మంగఫ్‌లో పనివాళ్లుండే బిల్డింగు తగలబడింది. 40 మందికి పైగా మన దేశం వాళ్లు చనిపోయారు. ఆ రోజు మా మండలంలో ఇంటింటా ఫోన్లు. ఎవరి బిల్డింగు, ఏ కంపెనీ, ఎవరున్నారు అన్నది తెలిసింది వాట్సాప్‌లో తిరిగిన మెసేజ్‌ల నుంచే. వాటిలో సగం తప్పులు. బతికున్నవాడి ఫొటో కూడా చనిపోయినవాళ్లలో వచ్చింది, ఆ తల్లి మధ్యాహ్నం దాకా తిండి ముట్టలేదు. 1990లో మా నాన్న రేడియో దగ్గర కూర్చున్నప్పటికీ ఇప్పటికీ పెద్దగా ఏమీ మారలేదనిపించింది. గోదావరి జిల్లాల నుంచి ఇంతమంది ఆ దేశాల్లో ఉండగా, అక్కడ ఏం జరుగుతోందో తెలుగులో నికరంగా చెప్పేవాళ్లు లేరు.

అందుకని మిమ్మల్ని రెండు అడుగుతున్నాను. అరబ్ దేశాల వార్త వేసేటప్పుడు అది ఏ చానల్ నుంచి వచ్చింది, ఆ చానల్ ఏ రాజుది అన్నది ఒక్క లైను రాయండి. అల్ జజీరా అయితే ఖతార్‌దని, అల్ అరబియా అయితే సౌదీవాళ్లదని చదివేవాడికి తెలియాలి. రెండోది, వారానికి అర పేజీ గల్ఫ్ వార్తలకు కేటాయించండి. అక్కడి చట్టాలు, అకామా (అక్కడ ఉండే అనుమతి) నిబంధనలు, క్షమాభిక్ష తేదీలు, ప్రమాదాలు, రాజకీయాలు. నాకు అరబిక్ చదవడం అంతగా రాదు గాని, వింటే బాగా అర్థమవుతుంది. మీ రాజోలు విలేకరి ఎవరైనా వస్తే రాత్రి తొమ్మిది గంటల వార్తలు, కువైట్‌వి ఒకటి, దోహావి ఒకటి, దుబాయ్‌వి ఒకటి, ముగ్గురివీ విని తేడాలేమిటో చెబుతాను. దానికి నాకేమీ ఇవ్వక్కర్లేదు. కొబ్బరి దింపు రోజుల్లో తప్ప సాయంత్రం ఆరు తర్వాత ఎప్పుడూ ఇంట్లోనే ఉంటాను.

ఇట్లు,
కువైట్‌లో డ్రైవర్‌గా చేసి వచ్చిన మీ పాఠకుడు,
మలికిపురం మండలం, కోనసీమ.